లోపాలను పట్టే సాధనాలకు ఎంత అధికారం కావాలి? మాన్యువళ్ల సవరణ వెనుక కథ

కంప్యూటర్ వ్యవస్థలో తలెత్తే లోపాలను కనిపెట్టి, నమోదు చేసి, నిర్వాహకులకు తెలియజేసే సాఫ్ట్‌వేర్‌లను లోప పర్యవేక్షణ సాధనాలు అంటారు. జ్ఞాపకశక్తి చిప్ పాడవుతున్నా, డిస్కు మొరాయిస్తున్నా, ప్రాసెసర్ వేడెక్కుతున్నా ముందుగా పసిగట్టేవి ఇవే. ఒక్కో సాధనాన్ని నడపడానికి వినియోగదారుకు ఏ స్థాయి అధికారం ఉండాలో ఆ సాధనంతో పాటు వచ్చే మాన్యువల్‌లో ఒకటి రెండు వాక్యాల్లో రాసి ఉంటుంది.

ఆ వాక్యం తప్పుగా ఉంటే రెండు రకాల నష్టాలు జరుగుతాయి. లోపాన్ని చూడవలసిన ఉద్యోగి చూడలేకపోవచ్చు. లేదా కేవలం చూడడానికి మాత్రమే అవసరమున్న వ్యక్తి చేతికి మొత్తం వ్యవస్థ తాళంచెవులు వెళ్లిపోవచ్చు. అందువల్ల అధికార నిబంధనల సవరణను నిపుణులు అక్షరదోషాల దిద్దుబాటుతో సమానంగా చూడరు. వ్యవస్థలోని లోపాన్ని సరిచేసినట్టే పరిగణిస్తారు.

తర్రెం వంటి చోట్ల దీని విలువ

సర్వర్ గది పక్కనే నిపుణుడు కూర్చుని ఉన్న చోట ఈ తప్పు అంత ప్రమాదకరంగా కనిపించదు. ఒక ఆదేశం పనిచేయకపోతే పక్క బల్లవారిని అడిగి సరిచేసుకోవచ్చు. యంత్రం ఒకచోట, దాన్ని చూసుకునే మనిషి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్నప్పుడే అసలు చిక్కు మొదలవుతుంది.

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతం, బీజాపూర్ జిల్లాలో బాసగూడ నుంచి జగర్‌గుండ వైపు వెళ్లే దారిలో ఉన్న తర్రెం అటువంటి దూరానికి ఒక ఉదాహరణ. తెలంగాణ సరిహద్దుకు చేరువగా ఉన్న ఈ అటవీ ప్రాంతం పేరు 2021 ఏప్రిల్‌లో దేశమంతటా వినిపించింది. ఆ నెల 3న బీజాపూర్, సుక్మా జిల్లాల సరిహద్దులో మావోయిస్టులతో జరిగిన ఎదురుకాల్పుల్లో 22 మంది భద్రతా సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. రహదారి, విద్యుత్తు, ఫోన్ సిగ్నల్ అనే మూడూ ఒకదానిపై ఒకటి ఆధారపడి నెమ్మదిగా విస్తరిస్తున్న ప్రాంతమిది.

వామపక్ష తీవ్రవాద ప్రభావిత ప్రాంతాల్లో మొబైల్ సేవల కోసం కేంద్రం చేపట్టిన మొదటి దశ పథకంలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, ఛత్తీస్‌గఢ్ సహా 10 రాష్ట్రాల్లో 2,343 చోట్ల టవర్లు ఏర్పాటయ్యాయి. వీటిని 2జీ నుంచి 4జీకి మార్చే ప్రతిపాదనకు కేంద్ర మంత్రివర్గం 2022 ఏప్రిల్ 27న ఆమోదం తెలిపింది. ఈ మార్పిడికి పన్నులు మినహా రూ.1,884.59 కోట్లు ఖర్చవుతుందని అంచనా వేసింది.

మొబైల్ టవర్లను సాధారణంగా దూరం నుంచే గమనిస్తారు. కరెంటు పోవడం, బ్యాటరీ అడుగంటడం, పరికరాల గదిలో వేడి పెరగడం, లింకు తెగిపోవడం వంటి హెచ్చరికలు నగరంలోని నియంత్రణ కేంద్రం తెరమీద కనిపిస్తాయి. అక్కడి ఉద్యోగి ఆ హెచ్చరికల ఆధారంగా లోపం ఏమిటో తేల్చుకున్నాకే సాంకేతిక సిబ్బందిని పంపుతారు. అడవి దారిలో ఒక్కసారి వెళ్లి రావడానికే రోజు గడిచిపోయే చోట, ఏ విడిభాగం తీసుకెళ్లాలో ముందే తెలియకపోతే ప్రయాణం వృథా అవుతుంది. ఆ ఉద్యోగి ఖాతాకు లోపాల చిట్టాను చదివే అధికారం ఉందా లేదా అన్నది ఇలాంటి సందర్భంలోనే తేలుతుంది. వారికి ఏ అధికారం ఇవ్వాలో నిర్ణయించేవారు చూసేది మాన్యువల్‌నే.

అధికారాన్ని ముక్కలు చేయడం

యునిక్స్ తరహా వ్యవస్థల్లో చాలాకాలం రెండే అంతస్తులు ఉండేవి. కింద సాధారణ వినియోగదారు, పైన ‘రూట్’ అనే సర్వాధికారి. రూట్‌కు అడ్డు లేదు. సాధారణ వినియోగదారుకు కీలకమైన పనులేవీ సాధ్యం కావు. ఒక చిన్న పని కోసం కూడా సర్వాధికారం ఇవ్వవలసి రావడం ఈ పద్ధతిలోని బలహీనత.

దీనికి విరుగుడుగా చెప్పే ‘కనిష్ఠ అధికార సూత్రం’ కొత్తది కాదు. ప్రతి ప్రోగ్రామూ, ప్రతి వినియోగదారూ తమ పనికి అవసరమైన అతి తక్కువ అధికారంతోనే నడవాలన్నది దాని సారాంశం. కంప్యూటర్లలో సమాచార రక్షణపై జెరోమ్ సాల్ట్‌జర్, మైఖేల్ ష్రోడర్ 1975లో ప్రచురించిన పరిశోధన పత్రం ఈ సూత్రాన్ని రూపకల్పన నియమాల్లో ఒకటిగా నిలబెట్టింది.

ఆచరణలో ఇది సర్వాధికారాన్ని ముక్కలుగా విడగొట్టడంగా మారింది. లైనక్స్ కెర్నల్ 1999లో వచ్చిన 2.2 వెర్షన్‌తో ‘కేపబిలిటీ’లను ప్రవేశపెట్టింది. సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ 2005 జనవరిలో విడుదల చేసిన సోలారిస్ 10లో సర్వాధికారాన్ని పదుల సంఖ్యలో చిన్న చిన్న అధికారాలుగా విభజించింది. భద్రతకు ఇది మేలు చేసింది. అయితే మాన్యువల్ రాసేవారి పని మాత్రం కష్టమైంది. అంతకుముందు ‘రూట్‌గా నడపండి’ అని రాస్తే సరిపోయేది. ఇప్పుడు పదుల అధికారాల్లో సరైనది ఏదో ఖచ్చితంగా చెప్పాలి.

పేర్లు దగ్గర, పనులు దూరం

లోప పర్యవేక్షణలో ఈ చిక్కు ఎలా ఉంటుందో చూడడానికి సోలారిస్ మంచి ఉదాహరణ. వ్యవస్థ తన లోపాలను తానే గుర్తించి, చెడిన భాగాన్ని పక్కనపెట్టి నడవగలిగే ఏర్పాటు కూడా సోలారిస్ 10తోనే వచ్చింది. నేపథ్యంలో నిరంతరం నడిచే ‘ఎఫ్ఎండీ’ అనే సేవ దీనికి గుండెకాయ. దానితో మాట్లాడడానికి నిర్వాహకులకు మూడు సాధనాలున్నాయి.

మొదటిది ‘ఎఫ్ఎం అడ్మిన్’గా పలికే ఆదేశం. ఏ భాగం లోపభూయిష్ఠమో చూపుతుంది, మరమ్మతు అయిందని నమోదు చేస్తుంది, పర్యవేక్షణ మాడ్యూళ్లను చేర్చడానికీ తొలగించడానికీ పనికొస్తుంది. రెండోది ‘ఎఫ్ఎం డంప్’. ఇది డిస్కుపై ఉన్న లోపాల చిట్టాలను చదివి చూపుతుంది. మూడోది ‘ఎఫ్ఎం స్టాట్’. ఒక్కో మాడ్యూల్ ఎన్ని సంఘటనలను స్వీకరించింది, ఎంత సమయం తీసుకుంది వంటి గణాంకాలను అందిస్తుంది.

మూడూ ఒకే కుటుంబానికి చెందినవే అయినా వాటికి కావలసిన అధికారాల స్వభావం వేరు. ఎఫ్ఎం అడ్మిన్, ఎఫ్ఎం స్టాట్ నడుస్తున్న సేవను ప్రశ్నిస్తాయి. జవాబివ్వాలో లేదో ఆ సేవే అడిగినవారి అధికారాన్ని చూసి నిర్ణయిస్తుంది. ఎఫ్ఎం డంప్ చిట్టా ఫైళ్లను నేరుగా తెరుస్తుంది; కాబట్టి అక్కడ ఫైళ్లను, అవి ఉన్న డైరెక్టరీని చదివే అనుమతి ముఖ్యం. ఒక సాధనం పేజీలోని వాక్యాన్ని నకలు తీసి మరో సాధనం పేజీలో అతికిస్తే తప్పు దొర్లడానికి అవకాశం ఇక్కడే ఉంది.

పేర్ల పోలిక మరో ఉచ్చు. సోలారిస్ వంశంలో ‘సిస్ కాన్ఫిగ్’, ‘సిస్ అడ్మిన్’ అనే రెండు అధికారాలున్నాయి. ఒకటి వ్యవస్థ విన్యాసానికి, రెండోది వ్యవస్థ నిర్వహణకు అన్నట్టు వినిపిస్తాయి. స్వాప్ పరికరాలను చేర్చడం, తొలగించడం వంటివి మొదటిదాని పరిధిలోకి వస్తాయి. యంత్రం పేరు, డొమైన్ పేరు మార్చడం వంటివి రెండోదాని పరిధిలోవి. ఓపెన్‌సోలారిస్ నుంచి 2010లో విడివడి స్వచ్ఛంద అభివృద్ధికారుల చేతుల్లో కొనసాగుతున్న ‘ఇల్యూమోస్’ వ్యవస్థ మాన్యువల్ ఎఫ్ఎండీ సేవ నిర్వహణను ఈ రెండో జాబితాలోనే చేర్చింది.

ఇప్పుడు ఒక పేజీలో మొదటిదాని పేరు, కోడ్‌లో రెండోదాని తనిఖీ ఉన్నాయనుకుందాం. మాన్యువల్‌ను నమ్మిన నిర్వాహకుడు ఉద్యోగికి మొదటి అధికారం ఇస్తాడు. ఆదేశం పనిచేయదు. ఇచ్చిన అధికారాన్ని మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోరు. రెండోది, మూడోది ప్రయత్నించి, విసిగి, చివరకు రూట్ పాస్‌వర్డే చేతిలో పెడతారు. పేజీలో దొర్లిన ఒక్క పదం ఆ యంత్రం భద్రతను రెండంచెలు కిందికి దించుతుంది.

నిన్నటి నిజం నేటి తప్పు

మాన్యువల్‌లోని ప్రతి తప్పూ రాసినవారి అజాగ్రత్త కాదు. రాసిన రోజు నిజమైనది కోడ్ మారడంతో అబద్ధమవుతుంది. లైనక్స్ చరిత్రలో దీనికి స్పష్టమైన ఆధారాలున్నాయి.

హార్డ్‌వేర్ లోపాలను తెలుసుకోవడానికి లైనక్స్ నిర్వాహకులు మొదట చూసేది కెర్నల్ సందేశాలను. వాటిని చూపే ‘డీమెసేజ్’ ఆదేశాన్ని ఒకప్పుడు ఏ వినియోగదారైనా నడిపేవారు. ఆ సందేశాల్లో బయటపడే మెమరీ చిరునామాలు దాడికి ఉపయోగపడతాయన్న ఆందోళన పెరిగింది. 2011 జనవరిలో వచ్చిన 2.6.37 కెర్నల్‌లో ఈ ఆదేశాన్ని అధికారం ఉన్నవారికే పరిమితం చేసే మీట వచ్చింది. అదే కెర్నల్‌లో కెర్నల్ చిట్టాకు ప్రత్యేకంగా ‘సిస్‌లాగ్’ అనే కేపబిలిటీ ఏర్పడింది. అంతకుముందు ఆ పనికి ‘సిస్ అడ్మిన్’ కేపబిలిటీ కావలసి వచ్చేది. సోలారిస్‌లోనూ ఇదే పేరు ఉన్నా రెండింటి అర్థాలు వేరు. ఒక వ్యవస్థ నుంచి మరోదానికి మారినవారిని తికమకపెట్టే అంశమిది. 2020 అక్టోబరులో విడుదలైన ఉబుంటు 20.10 డీమెసేజ్‌ను సాధారణ వినియోగదారులకు అప్రమేయంగా మూసివేసింది. దీంతో ‘ఏ ఖాతాతోనైనా డీమెసేజ్ చూడండి’ అని చెప్పే పాత మార్గదర్శకాలన్నీ ఆ వ్యవస్థపై ఒక్కసారిగా చెల్లనివయ్యాయి.

పనితీరును కొలిచే సాధనాలదీ ఇదే దారి. వాటికి కూడా మొదట సిస్ అడ్మిన్‌నే అడిగేవారు. 2020 ఆగస్టులో వచ్చిన లైనక్స్ 5.8లో ‘పెర్ఫ్‌మాన్’ అనే ప్రత్యేక కేపబిలిటీ వచ్చింది. పాత అధికారం ఇంకా చెల్లుతుంది, కానీ కొత్త ఏర్పాట్లలో దాన్ని వాడవద్దని కెర్నల్ పత్రాలు సూచిస్తున్నాయి. లైనక్స్‌లో సిస్ అడ్మిన్ కిందికి లెక్కలేనన్ని పనులు చేరిపోవడంతో దాన్ని కొత్త రూట్‌గా చెప్పుకోవచ్చని లైనక్స్ మాన్యువల్ పేజీయే హెచ్చరిస్తుంది. పాత మాన్యువల్ చదివి నేడు ఆ అధికారాన్ని ఇచ్చే నిర్వాహకుడు చెప్పినట్టే చేస్తున్నాడు, చెప్పింది పాతబడింది.

తక్కువ రాస్తే మౌనం, ఎక్కువ రాస్తే ముప్పు

అవసరమైన దానికన్నా తక్కువ అధికారం చాలునని మాన్యువల్ రాసినప్పుడు సాధనం ‘అనుమతి లేదు’ అని చెప్పి ఆగిపోతే నష్టం తక్కువే. కొన్ని సాధనాలు ఆగవు. తమకు కనిపించినంత వరకే చూపి ఊరుకుంటాయి. ఖాళీ జాబితాను చూసిన ఉద్యోగి లోపాలేవీ లేవనుకుంటాడు. లోపాలు లేకపోవడం, లోపాలను చూసే అధికారం లేకపోవడం తెరమీద ఒకేలా కనిపించడమే ఇక్కడి అసలు ప్రమాదం. మారుమూల స్టేషన్‌లోని డిస్కు వారాల తరబడి హెచ్చరికలు రాస్తూనే ఉంటుంది, చదివేవారుండరు.

దీన్ని నివారించే పద్ధతికి లైనక్స్‌లోని ‘జర్నల్ కంట్రోల్’ ఆదేశం నిదర్శనం. సాధారణ వినియోగదారు నడిపినప్పుడు వ్యవస్థ సందేశాలు, ఇతరుల సందేశాలు కనిపించడం లేదని అది ముందే తెలుపుతుంది. ఏ గుంపులో సభ్యత్వం ఉంటే అవి కనిపిస్తాయో కూడా చెబుతుంది. సాధనమూ మాన్యువలూ ఒకే మాట చెప్పినప్పుడు పొరపాటుకు చోటుండదు.

అవసరానికి మించిన అధికారం రాస్తే వచ్చే ముప్పు వేరు. పర్యవేక్షణ సాధనం ప్రతి యంత్రాన్నీ తాకుతుంది. అది శత్రువు చేతికి చిక్కితే ప్రతి యంత్రమూ చిక్కినట్టే. అమెరికాకు చెందిన సోలార్‌విండ్స్ సంస్థ ఓరియన్ అనే నెట్‌వర్క్ పర్యవేక్షణ సాఫ్ట్‌వేర్ నవీకరణలో దాడిదారులు రహస్యంగా కోడ్ చొప్పించిన సంగతి 2020 డిసెంబరులో బయటపడింది. దాదాపు 18,000 మంది ఖాతాదారులు ఆ నవీకరణను స్వీకరించి ఉండవచ్చని సంస్థ ప్రకటించింది. ఓరియన్‌ను వెంటనే విడదీయాలని అమెరికా ప్రభుత్వ సంస్థలకు అక్కడి సైబర్ భద్రతా విభాగం అత్యవసర ఆదేశం జారీ చేసింది. అక్కడ మాన్యువల్ తప్పు కారణం కాదు. పర్యవేక్షణ సాధనానికి ఇచ్చే అధికారం దాడి విస్తృతిని ఎలా నిర్ణయిస్తుందో చెప్పడానికి ఆ ఘటన చాలు.

దాడి లేకుండానే ఇదే పాఠం 2024 జులై 19న హైదరాబాద్‌కూ తెలిసింది. క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ భద్రతా పర్యవేక్షణ సాఫ్ట్‌వేర్‌కు వచ్చిన లోపభూయిష్ఠ నవీకరణ వల్ల ప్రపంచవ్యాప్తంగా విండోస్ యంత్రాలు కుప్పకూలాయి. వాటి సంఖ్యను మైక్రోసాఫ్ట్ 85 లక్షలుగా అంచనా వేసింది. శంషాబాద్ సహా దేశంలోని విమానాశ్రయాల్లో సేవలు స్తంభించి, ప్రయాణికులకు చేతితో రాసిన బోర్డింగ్ పాసులు ఇవ్వవలసి వచ్చింది. ఆ సాఫ్ట్‌వేర్ కెర్నల్ స్థాయిలో నడవడమే యంత్రం మొత్తం పడిపోవడానికి దారితీసింది. ఆ తర్వాత భద్రతా సాఫ్ట్‌వేర్‌లను కెర్నల్ వెలుపల నడిపే ఏర్పాట్లపై మైక్రోసాఫ్ట్ పని ప్రారంభించింది.

సవరణ ఎలా జరుగుతుంది

మాన్యువల్‌లోని అధికార నిబంధనను సరిచేయడానికి ఒక వాక్యం మారిస్తే చాలు. ఆ వాక్యం నిజమని రుజువు చేయడమే శ్రమ. అందుకు అనుసరించే క్రమం ఇలా ఉంటుంది.

1. కోడ్‌ను చదవడం. సాధనం గానీ, అది ప్రశ్నించే సేవ గానీ ఏ చోట ఏ అధికారాన్ని తనిఖీ చేస్తున్నదో చూస్తారు. మాన్యువల్‌కూ కోడ్‌కూ తేడా ఉంటే రెండింటిలో ఏది ఉద్దేశించినదో ముందు తేల్చాలి. కొన్నిసార్లు మాన్యువల్ సరైనదై, కోడ్‌లోనే తప్పు ఉంటుంది.

2. ఏ అధికారమూ లేని ఖాతాతో నడిపి చూడడం. రూట్‌గా పరీక్షిస్తే అన్నీ పనిచేస్తాయి కాబట్టి తప్పు ఎన్నటికీ బయటపడదు. మాన్యువల్ తప్పులు ఏళ్ల తరబడి నిలిచిపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

3. ఒక్కొక్క అధికారాన్నే చేర్చడం. లేని అధికారం పేరును చెప్పే సదుపాయం సోలారిస్‌లోని ‘పీ ప్రివ్’ ఆదేశంలో ఉంది. లైనక్స్‌లో ‘ఎస్ ట్రేస్’ ద్వారా ఏ పిలుపు విఫలమైందో చూడవచ్చు. ఫైలు అనుమతి లేక వచ్చే దోషానికీ, ప్రత్యేకాధికారం లేక వచ్చే దోషానికీ సాధారణంగా వేర్వేరు సంఖ్యలుంటాయి. మొదటిది 13, రెండోది 1. పరిష్కారం ఎటు వెతకాలో ఆ తేడాయే చెబుతుంది.

4. ఉప ఆదేశాలను విడివిడిగా చూడడం. జాబితా చూపే పనికీ, స్థితిని మార్చే పనికీ ఒకే అధికారం కావాలా, వేర్వేరా అన్నది స్పష్టంగా రాయాలి.

5. వెర్షన్ పేర్కొనడం. ఏ విడుదల నుంచి ఈ నిబంధన వర్తిస్తుందో రాయకపోతే పాత యంత్రంపై కొత్త మాన్యువల్ కూడా తప్పుదారి పట్టిస్తుంది.

6. సంబంధిత పేజీలన్నింటినీ కలిపి సరిచేయడం. అధికారాల జాబితా పేజీలో ఒకటి, సాధనం పేజీలో మరొకటి ఉంటే చదివేవారు దేన్ని నమ్మాలో తేల్చుకోలేరు.

కోడ్ బహిరంగంగా ఉన్న వ్యవస్థల్లో ఈ సవరణను ఎవరైనా ప్రతిపాదించవచ్చు. కొత్తగా చేరేవారికి ఇది మంచి తొలి పని అని అనుభవజ్ఞులు ప్రోత్సహిస్తారు. కోడ్‌ను చదవడం, పరీక్షించడం, నిరూపించడం మూడూ ఇందులో ఉన్నాయి.

మన దేశంలో నిబంధనలు

లోపాల చిట్టాలకు భారత్‌లో చట్టపరమైన ప్రాధాన్యం కూడా ఉంది. ఐటీ చట్టం 70బి సెక్షన్ కింద పనిచేసే కంప్యూటర్ అత్యవసర స్పందన బృందం ‘సెర్ట్-ఇన్’ 2022 ఏప్రిల్ 28న ఆదేశాలు జారీ చేసింది. సేవలు అందించే సంస్థలు, డేటా కేంద్రాలు, ప్రభుత్వ విభాగాలు తమ సమాచార వ్యవస్థల చిట్టాలను 180 రోజులు భద్రపరచాలి. నిర్దేశిత సైబర్ ఘటనలను గమనించిన 6 గంటల్లోగా నివేదించాలి.

ఆరు గంటల గడువులో చిట్టాను తెరిచే అధికారం ఎవరికుందో వెతుక్కునే సమయం ఉండదు. రాత్రి విధుల్లో ఉన్న ఉద్యోగికి ఆ అధికారం ముందే ఉండాలి, అంతకు మించి ఉండకూడదు. ఆ గీత ఎక్కడ గీయాలో చెప్పేది మాన్యువలే కాబట్టి దానిపై ఆధారపడే ముందు ఒకసారి పరీక్షించడం అవసరం.

నిర్వాహకులు దీనికోసం పెద్ద ఏర్పాట్లు చేసుకోనక్కరలేదు. పర్యవేక్షణకు వాడే ఖాతాతోనే ప్రవేశించి, తెలిసిన ఒక లోపాన్ని ఉద్దేశపూర్వకంగా కల్పించి, అది ఆ ఖాతాకు కనిపిస్తుందో లేదో చూస్తే చాలు. కనిపించకపోతే తప్పు ఏర్పాటులోనైనా ఉంటుంది, మాన్యువల్‌లోనైనా ఉంటుంది. మాన్యువల్‌లో ఉందని తేలితే తమ యంత్రం వరకు సరిచేసుకుని ఊరుకోకుండా, సంబంధిత సంస్థకో అభివృద్ధికారులకో తెలియజేయడం మేలు. అదే పేజీని నమ్మి, చేరుకోవడం కష్టమైన మరోచోటి యంత్రానికి అనుమతులు రాస్తున్నవారికి ఆ సమాచారం చేరుతుంది.